ముఖ్య అతిథికి రెండో శాలువా

మార్కాపురంలో మా పాలిటెక్నిక్‌లో ఈ రోజు విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శన జరిగింది. ఫైనలియర్ చదివే రెహానా రాతి పలకల అంచులు అరగదీసే చిన్న మిషన్ తయారుచేసింది. దానివల్ల రాగల ప్రమాదాలన్నీ చార్టు మీద రాసి పక్కనే అంటించింది. అందులో మొదటి మాటే, వదులు బట్టలతో మిషన్ దగ్గరికి రాకూడదని.

ముఖ్య అతిథి ఒక పలకల ఫ్యాక్టరీ యజమాని. మా ప్రిన్సిపాల్ ఆయనకు జరీ శాలువా కప్పి, నేరుగా మిషన్ దగ్గరికి తీసుకొచ్చి స్విచ్ వేయమన్నారు.

"సార్, ఆ శాలువా తీసి పక్కన పెట్టండి. మిషన్ బెల్టుకు చుట్టుకుంటాది," అంది రెహానా.

"ఏంది, పెద్దాయనకు కప్పిన శాలువా తీయమంటావా? మర్యాద నేర్పలేదా మీ నాయన?" అన్నారు ప్రిన్సిపాల్.

అతిథి స్విచ్ వేశారు. శాలువా కొస బెల్టులోకి పోయింది, దాని వెంటే ఆయన మెడా వంగింది. రెహానా ఒక చేత్తో శాలువా పట్టి లాగుతూ ఇంకో చేత్తో స్విచ్ ఆపేసింది. ఆయన మెడ దక్కింది. ఈ పిల్ల వేళ్ళ మీద చర్మం లేచిపోయింది.

ప్రిన్సిపాల్ అటెండరును గట్టిగా కేకేశారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె కోసమేమో అనుకున్నాను. కాదు, ఇంకో శాలువా కోసం.

అది కప్పాక అందరూ ఫొటోకి నిలబడ్డారు. "చెయ్యి ఎనక్కి పెట్టుకోమ్మా, రక్తం ఫొటోలో పడతాది," అన్నారు ప్రిన్సిపాల్ రెహానాతో. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ చార్టులో రెహానా రాయడం మరిచిన ప్రమాదం ఒక్కటే, మా ప్రిన్సిపాల్. మీ కాలేజీల్లో దానికి ఏం జాగ్రత్తలు తీసుకుంటారో కాస్త చెప్పండి.