వీరమ్మత్త పంపకాలు

నిన్న క్యూర్‌పైప్ బజారులో కూరలు కొంటూ ఉండగా జల్లు మొదలైంది. ఈ ఊళ్ళో వానకి వేళాపాళా లేదు కనుక ఎవరూ కంగారు పడలేదు. నా పక్కన కూర్చుని చౌచౌ కాయలు అమ్ముకుంటున్న ఆవిడ ఖాళీ గోనెసంచీ మూలని లోపలికి మడిచి, టోపీలా తలమీద వేసుకుని, బేరం సాగించింది. తడిసిన గోనె వాసన నా ముక్కుకి తగిలింది. కాయలు ఏరుతున్న దాన్ని అలాగే నిలబడిపోయాను. మా అత్త వీరమ్మ ఇంట్లోకి వస్తుంటే ముందు ఆ వాసనే వచ్చేది. దాని వెనకే ఆవిడ గొంతు వచ్చేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మా ఊళ్ళో ఇప్పుడు కాపురాలు చేస్తున్న ఆడపిల్లల్లో ఆవిడని చూసినవాళ్ళు దాదాపు లేరు. వాళ్ళు తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను.

నేను ప్లేన్ మాన్యెన్‌లో పుట్టాను. చెరకు తోటల్లో కూలికని మన తాతలు ఓడల్లో వచ్చిన ఈ దీవిలో అది దక్షిణ తీరం దగ్గరి ఊరు. చుట్టూ చెరకు, ఎండ, సముద్రపు గాలి. పెళ్ళయ్యాక రైలెక్కి క్యూర్‌పైప్‌లో దిగి, అక్కడినుంచి మా ఆయన ఊరికి నడిచి వెళ్ళాం. మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, గడప దాకా వస్తేగాని అత్తవారిల్లు కనబడలేదు. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. హారతి పళ్ళెం పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది: పొడుగ్గా, బోసి మెడతో, తెల్ల చీరతో. ఇంట్లో వేరే పెద్ద ఆడదిక్కు లేక తనే హారతి ఇచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, అంది: "ఈ ఇంట్లోకి రమ్ము సీసా రాదు. శనారం నీసు రాదు. అబద్ధం ఏ రోజూ రాదు. తెలిసిందా అమ్మీ?" తల ఊపాను. "మరి జడలో ఆ ఎర్ర రిబ్బనేటి, పందెం గుర్రానికి కట్టినట్టు?" అని లోపలికి వెళ్ళిపోయింది. పక్కింటి క్రియోల్ వాళ్ళు ఆవిడని 'మదాం సెవేర్' అనేవారు, కఠినమైన దొరసాని అని. ఆ పేరు ఆవిడ చెవిన పడింది కూడాను. "నిజమే కదేటి" అనుకుందే తప్ప బాధపడలేదు. శనివారం సాయంత్రాలు చెరకు తోట కూలీల కాంపులో క్రియోల్ వాళ్ళ సెగా ఆటపాటలకి డప్పులు మోగితే, మా ఇంట్లో సింహాద్రి అప్పన్న భజన అంతకంటే గట్టిగా సాగాలి. డప్పు పెరిగితే ఆవిడ గొంతు పెరిగేది. చివరికి ఎవరు గెలిచేవారో చెప్పడం కష్టం.

మా మామగారు మలేరియాతో పోయినప్పుడు పిల్లలు చిన్నవాళ్ళట. అప్పటినుంచి ఆవులని మేపి, తెల్లవారేసరికి క్యూర్‌పైప్‌లో దొరల ఇళ్ళకి పాలు మోసి, ముగ్గురినీ పెంచింది. ఆ ముగ్గురిలో పెద్దవాడైన మా ఆయన రామన్న ఆవిడ కన్న కొడుకు కాడన్న సంగతి నాకు కాపురానికి వచ్చిన కొన్ని నెలలకిగాని తెలియలేదు. ఒకరోజు అత్త స్నానం చేసి మడిగా వండి, మొదటి ముద్ద ఆకులో పెట్టి పెరట్లోకి తీసుకెళ్ళింది. ఎవరికని అడిగాను. "మా అక్కకి. రామన్నని కన్న తల్లికి" అంది. ఆ అక్కని ఆవిడ ఎన్నడూ చూడలేదు. రామన్నకి మాటలు వచ్చేవేళకి ఆమె పోయింది, ఆ తరవాతే మామగారు వీరమ్మత్తకి పుస్తె కట్టారు. "ఇల్లు ఆవిడిది. నాను ఎనకాల వొచ్చినదాన్ని" అంది, చెయ్యి కడుక్కుంటూ. ఆవిడ కడుపున పుట్టినవాళ్ళు నరసిములు, గంగ. ఆ ఇద్దరికీ మా ఆయనకీ మధ్య ఆవిడ ఏ తేడా చూపేది కాదు. తిట్లు కూడా ముగ్గురికీ సమానంగానే పడేవి.

ఆవిడ కాఠిన్యం చూసి నాకు నిజంగా బాధ కలిగింది మాత్రం పార్వతి విషయంలో. పార్వతి మా వీధి చివర ఒక తోటమాలి ఇంట్లో ఉండేది. అతను భార్య పోయినవాడు. అతని పిల్లలని సొంత పిల్లల్లా సాకేది, కాని అతనికీ ఆమెకీ పెళ్ళి జరగలేదు. ఒక శనివారం ఆమె దోసిట్లో బంతిపూలు పట్టుకుని భజనకి వచ్చింది. అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మెడలో పుస్తె పడని ఆడదానికి ఈ గడప లేదు" అంది.

పార్వతి పూలు గోడమీద పెట్టి వెళ్ళిపోయింది. లోపల అందరం విన్నాం. అత్త వచ్చి కూర్చుని తాళం అందుకుంది.

కొన్నాళ్ళకి నరసిములికి పెళ్ళి కుదిరింది. వేరే ఇల్లు కట్టుకోవాలని, తండ్రి కొన్న భూమిలో తన వాటా రాయించుకోవాలని అనుకున్నాడు. మా ఆయన సరేనన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఉతికిన కోట్లు తొడుక్కుని దస్తావేజులు రాసే నోటరీ దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. అత్త కొట్టం ముందు ఆవుకి గడ్డి వేస్తోంది. నరసిములి ముఖం పాలిపోయి ఉంది. మా ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"ఏటయింది?" అంది అత్త.

నరసిములే చెప్పాడు. "అక్కడి గుమాస్తా పాత పుస్తకాలన్నీ ఎతికినాడమ్మా. పెద్దమ్మ పెళ్ళి సర్కారు పుస్తకంలో ఉందట. నీ పెళ్ళి లేదట. నాదీ గంగదీ పుట్టుక నీ పేరుమీదే రాసి ఉందట, నాయిన పేరు లేదట. భూమంతా అన్నదేనట. 'తో మమా పా తి మార్యే' అన్నాడు." మీ అమ్మకి పెళ్ళి కాలేదు అని ఆ క్రియోల్ మాటకి అర్థం. అన్నాక అతను పిల్లాడిలా ఏడ్చేశాడు.

అత్త చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. "పందిరి ఏసినారు" అంది మెల్లగా. "పంతులు మంత్రం సదివినాడు. కాంపు కాంపంతా వొచ్చి బువ్వ తిన్నారు. మరి నాకు పెళ్ళి కాపోడమేటి?" ఆ రోజుల్లో మనవాళ్ళలో చాలామంది పెళ్ళిళ్ళు అలాంటివే. పందిరీ, పుస్తే, విందూ ఉంటే చాలనుకునేవారు. సివిల్ ఆఫీసుకి వెళ్ళి రాయించకపోతే ఆ పెళ్ళి చట్టానికి కనబడదని ఎవరికీ తట్టలేదు.

ఆ వార్త విని మా నాన్న ప్లేన్ మాన్యెన్ నుంచి వచ్చాడు. నన్ను పక్కకి పిలిచి, "మీరు నోరు మెదపకండి. చట్టం ఇచ్చిందాన్ని ఎవరైనా కాదంటారా?" అన్నాడు. మా ఆయన అది విన్నాడు. కోపగించుకోకుండా నాన్న ముందు కంచం పెట్టి, అన్నం వడ్డించి, "మాఁవా, నాకు జొరమొచ్చినప్పుడు చట్టం వొచ్చి నా పక్కన కూకోలేదు" అన్నాడు. నాన్న ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కాని అత్త మారిపోయింది. మరునాడు పొద్దున్న నేను వంటింట్లో ఉంటే గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రాలేదు.

"అమ్మీ, చేన్లో కాకరకాయలు ముదిరిపోతన్నాయి. నాను కోసుకోవొచ్చా?"

నాకు అర్థం కాలేదు. ఆ పాదులు ఆవిడ పెట్టినవే. "అదేంటత్తా, నన్నడుగుతారేంటి?" అన్నాను.

"చేను నీ మొగుడిది. అడక్కండా కోస్తే దొంగతనం కదా" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. అబద్ధం రానివ్వని ఇంట్లో, చట్టం చెప్పినమాట నిజమైతే దాని ప్రకారమే నడవాలని ఆవిడ తీర్మానించుకుంది. మా ఆయన వసారాలో చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ మాట వింటూనే వచ్చి ఆవిడ కాళ్ళమీద పడ్డాడు. "అమ్మా, నన్ను కొట్టు, తిట్టు. ఇలాగ అడక్కు" అన్నాడు. అంత మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆవిడ వంగి అతని తల నిమిరింది. ఆవిడ ఎవరినైనా అలా నిమరడం నేను చూడటం అదే మొదలు.

ఆ వారమే అతను తమ్ముణ్ణి తీసుకుని నోటరీ దగ్గరికి వెళ్ళి, భూమిని తనకీ నరసిములికీ గంగకీ మూడు వాటాలుగా రాయించాడు. ఆవిడ ఒక్క షరతు పెట్టింది: ఇల్లున్న వైపు రామన్నకే పోవాలి, అది అక్క ఇల్లు కనుక.

శనివారం వచ్చింది. సన్నగా జల్లు పడుతోంది. నేను భజనకి దీపం సిద్ధం చేస్తూ చూస్తే అత్త తలమీద గోనె వేసుకుని వీధిలోకి నడుస్తోంది. ఎక్కడికో తెలియక వెనకాలే వెళ్ళాను. పార్వతి ఇంటి ముందు ఆగి పిలిచింది. పార్వతి బయటికి వచ్చి, మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది.

"భజనకి రాయే" అంది అత్త.

"ఆ రోజు రావొద్దన్నారు కదమ్మా."

"అన్నాను. నీకూ నాకూ ఆఫీసోళ్ళు ఒకటే పేరు పెట్టినారు. ఆ పేరు ఎంత నొప్పిగుంటాదో నాకిప్పుడు తెలిసింది. నాను నిన్ను నొప్పించినాను. రా."

పార్వతి వచ్చింది. మొదట గడప దగ్గరే కూర్చోబోతే అత్త చెయ్యి పట్టుకుని దీపం పక్కన కూర్చోబెట్టింది. అంతమాత్రాన ఆవిడ మెత్తబడిందని అనుకోకండి. రెండో పాటలోనే "గొంతు జారతంది, సరీగా ఎత్తు" అని అందరి ముందూ గదమాయించింది. పార్వతి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు అత్తంటే భయం పోయింది.

తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఒక చలికాలం దగ్గు పట్టుకుని వదల్లేదు. తనకి తెలిసిపోయింది. ఆదివారం పొద్దున్న అందరినీ వసారాలోకి పిలిపించి, గోడకి ఆనుకుని కూర్చుంది. దుప్పటి మీద తన వస్తువులు పేర్చి పెట్టించింది. భూమి పంపకం ఎప్పుడో అయింది, ఇవి మాత్రమే తనవి. పెద్ద ఇత్తడి గుండిగ నరసిములికి ఇస్తూ, "అడిగినోళ్ళందరికీ పెళ్ళిళ్ళకి ఇయ్యి. సొట్ట పడితే పడనీ" అంది. పందిట్లో కట్టుకున్న పట్టుచీర గంగకి ఇచ్చింది. ఎర్రావు పార్వతికన్నది. పార్వతి వద్దు వద్దంటుంటే, "పొగరుబోతు ఆవు. నీలాంటి ఓపికున్నదాని దగ్గరే ఉండాల" అంది. ఆఖరికి కొంగుముడి విప్పి, నల్లబడిన చిన్న పుస్తె తీసింది. మామగారు పోయినరోజున మెడలోంచి తీసినది. దాన్ని మా ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది సర్కారోళ్ళకి కనబడనేదు నాయినా. నీకు కనబడింది."

నా వంతు రాలేదు. అందరూ లేస్తుంటే నన్ను ఆగమంది. "నీకేటి ఇద్దునే? ఆడపిల్లల్ని కన్నావు. వొకటి సెప్తాను, ఒట్టెయ్యి. ముందు కాయితం, తరవాత పందిరి. నీ పిల్లలకే కాదు, ఎవరి పిల్లకైనా నువ్వే ఎల్లి చెప్పు. తిడతారు. పడు." ఒట్టు వేశాను. వారం తిరగకుండా వెళ్ళిపోయింది.

నన్ను తిట్టినవాళ్ళు చాలామందే. పెళ్ళి మాటలు జరుగుతున్న ఇంట్లో చాపమీద కూర్చుని, సివిల్ ఆఫీసుకి ఎప్పుడు వెళ్తున్నారని అడిగితే పెద్దలకి ఒళ్ళు మండుతుంది. అపశకునమన్నవాళ్ళున్నారు. కాఫీ ఇవ్వకుండా పంపినవాళ్ళూ ఉన్నారు. అయినా వెళ్తూనే ఉన్నాను. మొన్న మోకా దగ్గర ఒక చెరకు కూలీ కూతురి పెళ్ళి సివిల్ ఆఫీసులో రాయిస్తుంటే సాక్షిగా వెళ్ళాను. పిల్లకి రాయడం వచ్చు. పెన్ను పట్టుకుని, ముందు నా ముఖం చూసి, తరవాత తండ్రి ముఖం చూసి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని తన పేరు రాసుకుంది. సిరా ఆరేదాకా వంగి చూస్తూ ఊదుతూ ఉంది. బయటికి వచ్చాక, "ఇంక అయిపోయిందా అమ్మమ్మా?" అని అడిగింది.

"అయిపోయింది తల్లీ. ఇంక పద, మీ వాళ్ళు పందిరి వేస్తున్నారు" అన్నాను.