‘సబ్సిక్వెంట్’ మాటకు కోసిన రెండు మార్కులు

నా పదవీ విరమణకు ఏడాది ముందు, ఆగస్టు నెలలో, నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డలోని ఒక డిగ్రీ కాలేజీకి బయటి పరీక్షకుడిగా వేశారు. నేను ఇంగ్లీషు లెక్చరర్‌ను. పద్నాలుగో ఏటి దాకా బేతంచెర్లలో నాపరాళ్లు మోసి, ఆ తర్వాత అక్షరాలు దిద్దినవాణ్ణి. ఆలస్యంగా నేర్చుకున్నవాడికి ఎదుటివాడి తప్పు మీద కోపం ఎక్కువ. నాకు మరీ ఎక్కువ.

నేను దిద్దవలసింది బ్రిడ్జి కోర్సు పేపర్లు. తెలుగు మీడియంలో చదివి, బి.ఎస్సీ. ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లలకు పెట్టే కోర్సది. పాఠ్యపుస్తకాల్లో అడుగడుగునా ఉండి, ఇంట్లో ఒక్కరి నోటా వినబడని మాటలు నేర్పుతారు: హైపోథిసిస్, ఎవిడెన్స్, ప్రయర్, సబ్సీక్వెంట్. ఈ చివరి మాటను అప్పట్లో నేను పలికినట్టే రాశాను. ప్రయర్ అంటే అంతకుముందు, సబ్సీక్వెంట్ అంటే ఆ తర్వాత. ఈ రెండింటినీ తారుమారు చెయ్యని బ్యాచి నా సర్వీసులో లేదు.

యాభైకి ఇరవై రావాలి. రాకపోతే ఇంగ్లీషు మీడియం సీటు రద్దు. ఆ కాలేజీలో వేరే మీడియం లేదు కనుక, ఇంటికి పోవడమే.

ఆఖరి ప్రశ్న, ఇచ్చిన మాటలతో సొంత వాక్యాలు రాయడం. ఒక పేపరులో ఇలా ఉంది: “సబ్సీక్వెంట్ టు హర్ డెత్, మై మదర్ టాట్ మి దీజ్ వర్డ్స్.” చనిపోయిన తర్వాత మా అమ్మ నాకు ఈ మాటలు నేర్పింది అని అర్థం. పాత తప్పే అనుకున్నాను. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన ‘ప్రయర్’ అని రాసి, రెండు మార్కులు కోశాను. మొత్తం పంతొమ్మిది వచ్చింది.

మార్కుల జాబితాకు సీలు వేసే ముందు పిల్లలకు పేపర్లు చూపించి, అభ్యంతరం ఉంటే రాసిమ్మంటారు. ఆ పేపరు రాసిన అమ్మాయి ఒక్క ముక్క రాసిచ్చింది: వాక్యం సరిగ్గానే ఉంది. స్టాఫ్ రూముకు పిలిపించాను. పేరు సుజాత. సన్నగా ఉంది, భయం లేదు.

“మీయమ్మ పోకముందు నేర్పిందా, పోయినాకనా?” అన్నాను.

“పోయినాకే సార్.”

“ఏందీ?”

“మూడు నెల్లయింది సార్ అమ్మ పోయి. దినామూ చెప్తాంది.”

పక్క కుర్చీలోని తెలుగు లెక్చరరు చదువుతున్న వార్తాపత్రిక దించి, “అన్నా, ఆ రెండు మార్కులేవో ఏసెయ్. మనకెందుకప్పా ఈ గాలి యవ్వారం?” అన్నాడు.

“మార్కులు ఏసేదానికి నేనేమన్నా గంగజాతర్లో బొరుగులు పంచుతాండానా?” అన్నాను.

సుజాత నవ్వలేదు. “మీరే వచ్చి సూడండి సార్. ఈ పొద్దు పదకొండు గంటలకు పాఠముంది,” అంది.

పరీక్షకుడు అభ్యర్థి ఇంటికి పోకూడదు. అది నిబంధన. నేను పోయాను. అదీ రాస్తున్నాను.

వాళ్ల నాయన శిల్పి. ఇంటి ముందరి పాకలో రాతి విగ్రహాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముక్కు, పెదవులు, నగలు అన్నీ చెక్కారు; కళ్లు మాత్రం లేవు. కళ్లు ఆఖరున తెరుస్తారు. ఐదారు ఉలులు ఒకేసారి మోగుతున్నాయి, మాట వినబడటం లేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా, ఎవరూ ఏమీ చెప్పకుండానే ఉలులన్నీ ఆగిపోయాయి. పనివాళ్లు సుత్తెలు కింద పెట్టి, కూర్చున్న చోటే కూర్చున్నారు.

“ఈ అరగంట మేము ఉలి ముట్టం సార్,” అన్నాడు వాళ్ల నాయన, నా వైపు చూడకుండా. “ఆయమ్మ పాఠం చెప్తాది. గలాటా అయితే ఆయమ్మకు కోపం.”

ఎండ తెల్లగా కాస్తోంది. కళ్లు లేని ముఖాలన్నీ నా వైపే ఉన్నాయి. సుజాత ఒక విగ్రహం పాదాల దగ్గర ఫోను పెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

ఆడగొంతు వచ్చింది. బొంగురుగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. “కూసున్న్యారా? పాత మాటలు మళ్లా ఒకసారి. ప్రయర్.”

సుజాత పలికింది. గొంతు ఆగింది, విన్నట్టుగానే. “సరే. సబ్సిక్వెంట్.”

ముప్పై ఏళ్ల అలవాటు. సుజాత కంటే ముందు నా నోట్లోంచి వచ్చేసింది: “సబ్సీక్వెంట్.”

“కాదు,” అంది ఆ గొంతు. “సీ అని సాగదీయొద్దు. ముందర ‘సబ్’ మీద ఒత్తు. మళ్లా చెప్పు.”

ఎండలో నిలబడ్డవాడికి వీపు మీద చల్లబడింది. సుజాత నా వైపు తిరిగి మెల్లగా, “మీరే సార్. తప్పు పలికినోళ్లే చెప్పల్ల,” అంది.

అరవైకి దగ్గరపడిన లెక్చరర్‌ను, ఒక ఫోనుకు జవాబు చెప్పాను. “సబ్సిక్వెంట్.”

 తర్వాత, “ఆ. ఇప్పుడొచ్చింది,” అంది ఆ గొంతు. ఆ మూల నుంచి ఒక పనివాడు తల ఊపాడు.

పాఠం అయ్యాక ఉలులు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు అడిగాను. ఆమె ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదట. జబ్బు ముదిరి, ఇంక దినాలే అని డాక్టర్లు చెప్పినాక, కూతురికి డిగ్రీలో ఎదురయ్యే మాటలన్నీ రోజుకు ఇన్నని ఫోనులో చెప్పి పెట్టింది.

“అమ్మ ఉన్నప్పుడు విన్లేదా నువ్వు?”

“వద్దనింది సార్. నేను పోయినాక మొదలుపెట్టు, అప్పుడైతే మానవు అనింది.”

“కాదు అని దిద్దింది గదా. అదెట్ల?”

“యాడ తప్పు పలుకుతామో అమ్మకు తెల్సు సార్. ఆడ ముందే చెప్పి పెట్టింది.”

నాకు అర్థమయింది. అర్థమయినా, ఆ పాక ముందు ఇంకో నిమిషం నిలబడబుద్ధి కాలేదు.

కాలేజీకి తిరిగొచ్చి, నా చేత్తో రాసిన ‘ప్రయర్’ను కొట్టేశాను. దిద్దిన మార్కును మళ్లీ దిద్దాలంటే చీఫ్ సూపరింటెండెంటుకు కారణం రాసివ్వాలి. ఆయన పక్కన సంతకం పెట్టాలి. కారణం గడిలో, “వాక్యంలో తప్పు లేదు. తప్పు పరీక్షకుడిది,” అని రాశాను. ఆయన రెండుసార్లు చదివి, “ఇట్ల రాస్తారా ఎవరన్నా?” అన్నాడు. రాశాను, సంతకం పెట్టమన్నాను. పంతొమ్మిది ఇరవై ఒకటయింది. సుజాత సీటు నిలిచింది.

వాక్యం తప్పని నేను కొట్టలేదు. అందులోని సంగతి జరగదనుకుని కొట్టాను. ఈ రెండూ వేరు. భాషలో తప్పుంటే మార్కు కోసే అధికారం పరీక్షకుడికి ఉంది. తనకు నమ్మకం కుదరనందుకు కోసే అధికారం లేదు. మిగిలిన ఏడాది సర్వీసులో ఆ మాట మీద ఎర్ర పెన్ను పెట్టే ముందు, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని రాసినవాళ్లను పిలిచి అడిగాను. చాలామంది తప్పే రాశారు. వాళ్లకు కోశాను.