మా కాక పడుకోబెట్టిన నీళ్లు

మా ఎదురింటి కాక పోయాడు. ఆదివారం పొద్దున, నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీలో, వరుసకట్టి నిలబడ్డ గాలాలవాళ్లకు బతికున్న ఎరచేపలు పట్టి ఇస్తూ ఇస్తూ, చేతిలో జాలిబుట్టతోనే కింద కూర్చుండిపోయాడు. దవాఖానకు చేర్చేసరికి అయిపోయిందన్నారు. ఇది రాస్తుంటే నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. చదువుకున్నవాళ్లయితే 'తీరని లోటు' అని రాసి చేతులు కడుక్కునేవాళ్లు. నేను తొమ్మిదో తరగతి సగంలో వదిలేసి ఆబిడ్స్‌లో బండ్లకు నంబర్ ప్లేట్లు రాసుకుని బతికేవాణ్ణి. నాకు అంత పెద్ద మాటలు రావు. వచ్చిన కోపాన్ని వచ్చినట్టు రాస్తాను, చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

కాక నాకు చుట్టం కాదు. గల్లీ మొత్తానికీ కాకే. ఆబిడ్స్‌లో గాలాలు, తంగుసు దారం, నీళ్లమీద తేలే బెండ్లు అమ్మే ఒక చిన్న దుకాణంలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. కొన్నవాళ్లందరూ చివర్లో అడిగేది ఒకటే: "కాకా, ఎర ఏడ దొరుకుతది?" కొర్రమీను మహా గర్విష్టి చేప. చచ్చినదాన్ని ముట్టదు. కళ్ల ముందు చిన్న చేప ఈదుతూ పోతేనే నోరు తెరుస్తుంది. అందుకని కాక తన ఇంటి ముందు నాలుగు సిమెంటు గోలాలు, అంటే వెడల్పాటి తొట్లు, పెట్టి, వేలెడంత పరకచేపలను బతికించి అమ్మడం మొదలుపెట్టాడు. దుకాణం మూతపడ్డాక అదే ఆయన పని, ఆయనా, ఆయన భార్య చిన్నమ్మా తినే అన్నం కూడా అదే.

చేపలు ఊరి బయట చెరువుల దగ్గర వలవాళ్లు ఇచ్చేవాళ్లు. వాటిని డబ్బాలో పోసుకుని, చిటికెడు గల్లుప్పు వేసి, తడి గోనెసంచి చుట్టి, బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగేవాడు. దారి పొడుగునా మూత తీసి ఒక చేత్తో నీళ్లు చిలుకుతూనే ఉండేవాడు. చిలక్కపోతే నీళ్లలో గాలి అయిపోయి చేపలు తేలతాయి. ఒకసారి నేను కూడా పక్కన ఉన్నాను. కండక్టర్ వంగి చూసి, "ఏం కాకా, మజ్జిగ చేస్తున్నవా?" అన్నాడు.

"ఔ. నీకో గిలాసెడు పొయ్యాల్నా?" అన్నాడు కాక, చెయ్యి ఆపకుండా.

గంటసేపు అలా చిలికిన చెయ్యి ఎలా ఉంటుందో మీరు ఒకసారి చేసి చూడండి. ఆయన కుడిచేతి వేళ్లు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడే ఉండేవి. ఆ చేత్తోనే అన్నం తినేవాడు, ఆ చేత్తోనే నా వీపు మీద ఒకటి ఇచ్చేవాడు.

ఆయన చదువంతా నీళ్ల గురించే. నల్లా నీళ్లు తిన్నగా గోలెంలో పోయనిచ్చేవాడు కాదు. మూడు నీలం డ్రమ్ముల్లో పట్టి, మూత తీసి, ఒక రోజంతా కదపకుండా ఉంచేవాడు. "నల్లా నీళ్లల్ల మందు కలుపుతరు బిడ్డా. మనం తాగితే మనకేం కాదు, గివి తాగితే సస్తయ్. ఒక దినం పండుకోనిస్తే మందు లేసి పోతది," అనేవాడు. ఎండాకాలం సోడాబండి దగ్గర మంచుముక్క అడిగి తెచ్చి, కవర్లో కట్టి గోలెంలో తేలేసేవాడు. ఆ మంచుతో ఆయన ఒక్కరోజు షర్బత్ తాగలేదు.

గాలానికి గుచ్చడం కూడా ఆయనే నేర్పేవాడు. వీపు మీది రెక్క కింద, పైపైన, వెన్నెముకకు తగలకుండా. "మెల్లగ. గది ఈదాలె. ఈదితేనే ఎర, ఈదకుంటే కూర," అనేవాడు. మిగిలిన పరకలను చెరువులో పారేయవద్దని, వాపసు తెమ్మని ప్రతివాడికీ చెప్పేవాడు. తెచ్చినవాటిని వారం రోజులు వేరే గోలెంలో ఉంచి, రోగం లేదని చూశాకే మిగతావాటితో కలిపేవాడు.

నేనూరుకుంటానా? "కాకా, నువ్వు కసాయివి. పెంచేది నువ్వే, చంపేందుకు పంపేది నువ్వే," అనేవాణ్ణి.

"గాలానికి పోయేదాక దానికి మంచిగుండాలె గదరా. గంతే నా పని," అనేవాడు. కోపం తెచ్చుకోకపోవడం ఆ మనిషికున్న రోగం. తెచ్చుకుని ఉంటే ఇవాళ బతికి ఉండేవాడేమో.

ఆయనకు కోపం తెప్పించాలనే నేను పదేళ్ల కింద ఒక పని చేశాను. మార్కెట్లో బతికున్న కొర్రమీను పిల్లనొకదాన్ని కొని, ఎవరూ చూడకుండా పరకల గోలెంలో వేశాను. రెండు రోజుల్లో గోలెం పలచబడింది. కాక పిల్లిని అనుమానించి పైన వల కట్టాడు. కొంగేమోనని పొద్దంతా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. నేను మా ఇంటి మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. నాలుగో రోజు నీళ్లపైకి ఒక మూతి వచ్చి, గుటుక్కున గాలి మింగి దిగిపోయింది. పరకలు అలా మింగవు. కాకకు అర్థమైపోయింది.

మధ్యాహ్నం ఆబిడ్స్‌లో నా దుకాణానికి బక్కెట్ పట్టుకుని వచ్చాడు. ముగ్గురు గిరాకీలు కూర్చుని ఉన్నారు. బక్కెట్ నా బల్ల మీద పెట్టి, "నీ కొడుకు. నా ఇంట్ల తిని బలిసిండు, తీస్కో," అన్నాడు. గిరాకీలు నవ్వలేక చచ్చారు. తీసుకోమన్నవాడు మళ్లీ తనే తీసుకెళ్లి, అంచు విరిగిన నాలుగో గోలెంలో పెట్టి పెంచాడు. ఆనాటి నుంచి రోజూ అదే ముచ్చట: "నీ కొడుకు ఇయ్యాల తిన్లేదు." "నీ కొడుకు ఎగిరి బయట పడ్డడు, పట్టి ఏసిన." గాలాలవాళ్లు ఎంత బతిమాలినా దాన్ని ఇవ్వలేదు.

రెండో చిలిపిపని పోయిన ఎండాకాలంలో చేశాను. దాని గురించి రాయడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

పైన కిరాయికున్న పిల్లలు కాక పడుకోబెట్టిన డ్రమ్ముల నీళ్లతో బైకులు కడుక్కునేవాళ్లు. కాక నా దగ్గరకొచ్చి, "జర మంచి అక్షరాలల్ల రాసిపెట్టు. ఎరచేపల నీళ్లు, ముట్టొద్దు అని," అన్నాడు. నేను పసుపు రంగు కలిపి, నంబర్ ప్లేటుకు కూడా పెట్టనంత శ్రద్ధ పెట్టి, మూడు డ్రమ్ముల మీదా ఒకటే రాశాను: 'కాక స్నానం చేసిన నీళ్లు.'

కాక కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "గింత మంచి బోర్డు ఆబిడ్స్ మొత్తంల లేదు పో," అన్నాడు. ఆ రోజునుంచి ఒక్కడు ఆ నీళ్లు ముట్టలేదు. వచ్చిన గిరాకీకల్లా చూపించి మురిసిపోయేవాడు. చిన్నమ్మకు మాత్రం నచ్చలేదు. "బతికున్న మనిషి మీద గవేం రాతలు? తుడిచెయ్ బిడ్డా," అని నాలుగైదుసార్లు అన్నది. "రేపు చిన్నమ్మా," అని నేను నాలుగైదుసార్లు అన్నాను.

ఇక ఆ ఆదివారం. లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసే సారు ఒకాయన ప్రతి వారం వచ్చేవాడు. ఆయనకోసం కాక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసేవాడు. ఆ పొద్దున కాక బనీను చెమటతో తడిసి ఒంటికి అతుక్కుని ఉందట. జాలిబుట్ట రెండుసార్లు చేతిలోంచి జారిందట. కుర్చీలోని సారు చూస్తూనే ఉండి, "జల్దీ కాకా, ఎండ ఎక్కితే చేప దిగిపోతది," అన్నాడట. ఇది చిన్నమ్మ చెప్పింది. ఆ వరుసలో అంతమంది ఉన్నారు, అందరికీ ఫోన్లున్నాయి, బండ్లున్నాయి. నీళ్లలో బెండు అరంగుళం కదిలితే కనిపెట్టే కళ్లు వాళ్లవి. ఎదురుగా మనిషి మునిగిపోతుంటే కనిపించలేదు.

కూలబడ్డాక చిన్నమ్మ కేక విని నేను పరుగెత్తాను. ఆటోలో తల నా ఒళ్లో పెట్టుకున్నాను. బషీర్‌బాగ్ దాటుతుంటే కళ్లు తెరిచి, "ఇయ్యాల నల్లా వస్తది. డ్రమ్ములు నింపుకో. గోలాలల్ల మాత్రం పండుకున్న నీళ్లే పొయ్యి," అన్నాడు.

"ముందు నోరు మూస్కో కాకా," అన్నాను.

మూసుకున్నాడు. నేను ఆయనతో అన్న ఆఖరిమాట అదే. కోపం ఎవరిమీద అని అడుగుతారేమో, ఇక్కడినుంచి లెక్కపెట్టుకోండి.

మధ్యాహ్నానికి శవాన్ని లేపాం. శ్మశానంలో సారు కూడా వచ్చాడు, తెల్లచొక్కా వేసుకుని. నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "చాలా మంచి మనిషి అన్నా. మరి వచ్చే ఆదివారంకి ఎరచేపలు మీరిస్తరా?" అన్నాడు. ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్నాను: "మీరే రాండ్రి సార్. నడుముకు గాలం గుచ్చి చెరువుల ఇడుస్తం. మంచిగ ఈదుతరు." మా వాళ్లు నన్ను గుంజుకుపోయారు. అనవలసింది కాదని తర్వాత చాలామంది చెప్పారు. అనవలసిందే. ఇంకో రెండు మాటలు మిగిలిపోయాయని ఇప్పటికీ బాధ.

స్నానాలు చేసి, తడిబట్టలతో తిరిగి వచ్చాం. గల్లీ మొదట్లోనే నీళ్లు పారుతూ కనిపించాయి. మనిషి పోయిన ఇంట్లో నిల్వ ఉన్న నీళ్లు పారబోసి, ఇల్లు కడిగి, కొత్తనీళ్లు పట్టుకోవడం మనందరి ఇళ్లల్లో ఉన్నదే. నాకూ తెలిసిందే. పొద్దుటినుంచి నా బుర్రకు తట్టలేదు, అంతే. కాక అక్క, మేమంతా పెద్దత్త అంటాం, అవతల సందులో ఉంటుంది. ఇంటిని కడిగించింది ఆమె. మూడు డ్రమ్ములూ బోర్లా పడి ఉన్నాయి. పసుపు అక్షరాలు తలకిందులుగా నన్నే చూస్తున్నాయి. గోలాలు మాత్రం నిండుగా, తళతళలాడుతూ ఉన్నాయి. నల్లా గొట్టం ఇంకా ఒకదాంట్లోనే ఉంది.

"ఏంది పెద్దత్తా గీ పని?" అని అరిచాను.

ఆమె చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. "చేపలను పారబొయ్యలే బిడ్డా. నా తమ్ముని పానమంతా వాటిమీదనే అని నాకెర్కలేదా? సగం పాతనీళ్లు తోడి, మంచినీళ్లు పోసిన. డ్రమ్ములు మొత్తమే గుమ్మరిచ్చిన. గాడ ఎవడో రాసిండు, స్నానం చేసిన నీళ్లని. పోయినోని స్నానం నీళ్లు ఇంట్ల ఉంచుతరా?"

పరకలు అప్పటికే పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. కొన్ని పక్కకు ఒరిగి, తెల్లటి పొట్టలు చూపిస్తున్నాయి. ఒక్క డ్రమ్ము ఉన్నా బతికేవి. ఒక్క బక్కెట్ పడుకున్న నీళ్లు గల్లీ మొత్తంలో లేవు. నేను మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి ముంచి చిలకడం మొదలుపెట్టాను. కాక బస్సులో చిలికినట్టే. ఒక గోలెం నుంచి ఇంకో గోలానికి, అక్కడినుంచి మళ్లీ మొదటిదానికి. భుజం పడిపోయేదాకా చిలికాను. నీళ్లలో గాలి తక్కువైతే చిలికితే సరిపోతుంది. నీళ్లలోనే మందుంటే ఎంత చిలికినా ఏం లాభం! పొద్దు గుంకేలోపే మూడు గోలాలు తెల్లబడిపోయాయి.

పెద్దత్త అడిగింది. "ఎవడు బిడ్డా గది రాసింది? వాని చేతులు ఇరగ."

చిన్నమ్మ గడపలో కూర్చుని ఉంది. నా వైపు చూసింది. సారును శ్మశానంలో నలుగురి ముందు కడిగేసిన నోరు నాది. అప్పుడు పెగల్లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెద్దత్తకు చదువు వచ్చు, ఆ అక్షరాలు చదివే కదా గుమ్మరించింది. ఇది కూడా చదువుతుంది. పెద్దత్తా, రాసింది నేనే. చేతులు ఇరగాలంటే ఇరగనీ. నీ తమ్ముడు నాకొక్క పని చెప్పి పోయాడు, ఆ పని చెడిపోయింది నీవల్ల కాదు.

పదకొండోరోజు అయ్యాక రంగు గీకేద్దామని బ్లేడు తీసుకుని వెళ్లాను. చిన్నమ్మ బయటికొచ్చి డ్రమ్ము మీద చెయ్యి పెట్టింది.

"ఉండనియ్," అన్నది.

"నువ్వే గద చిన్నమ్మా తుడవమన్నవ్."

"ఆయన రోజూ చదివి నవ్వేటోడు. ఉండనియ్. కింద ఇంకొకటి రాయి. ఆయన మొదలు చెప్పింది."

రాశాను. ఎరచేపల నీళ్లు, ముట్టొద్దు. ఈసారి నవ్వడానికేమీ పెట్టలేదు. మూడు డ్రమ్ములూ నిలబెట్టి, నల్లా వచ్చేదాకా కూర్చుని, నింపి, మూతలు తీసి పెట్టాను. నీళ్లకు ఒకరోజు కావాలి. రేపు పొద్దున డబ్బా పట్టుకుని నేను అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాలి. చిన్నమ్మకు అన్నం కావాలి. నాలుగో గోలెంలో ఉన్నదానికి కూడా తిండి కావాలి.

అది చావలేదు. నీళ్లు ఎలా ఉన్నా పైకొచ్చి గాలి మింగి బతికే జాతి అది. గొంతుదాకా కోపంతో నేను ఆ అంచు విరిగిన గోలెం పక్కన కూర్చుని ఉన్నాను. నల్లటి మూతి పైకొచ్చింది. గుటుక్కుమంది. ఇంట్లోంచి కాక 'నీ కొడుకు' అంటూ ఏదో అంటాడన్నట్టు నేను తలుపువైపు చూశాను. నీళ్లమీద గుండ్రంగా అల లేచి, విరిగిన అంచుదాకా వచ్చి, ఆగిపోయింది.