ధరణికి గొంతిచ్చిన లీలాకుమారి

ఆ సోమవారం పొద్దున లీలాకుమారి ఒకే చోట ఎనిమిదిసార్లు ఆగింది. సికింద్రాబాద్‌లోని కార్ఖానా ప్రాంతంలో ఒక బట్టల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న డబ్బింగ్ గది అది. తెర మీద ధరణి అనే పెద్దకోడలు అత్తగారికి పాలగ్లాసు అందిస్తోంది. ఆ పాలల్లో అంతకు ముందే ఏదో తెల్లటి పొడి కలిపింది. కాగితం మీదున్న మాట, "ఈ పాలు పూర్తిగా సేవించండి అత్తయ్యగారూ" అని. నటి బెంగళూరు అమ్మాయి. సెట్లో తన మాటలు కన్నడంలోనే చెప్పేసింది. ఆమె పెదవులు మూసుకున్న చోట తెలుగు మాటకి నోరు తెరవాల్సి వస్తోంది. ఎనిమిదిసార్లూ కుదరలేదు. తొమ్మిదోసారి లీలాకుమారి కాగితం పక్కన పెట్టి నోటికొచ్చింది అనేసింది.

"ఒక్క నిమిషం అత్తయ్యా, అయిపోయింది."

పెదవులకి అచ్చంగా సరిపోయింది. రికార్డింగ్ చూసే నోవహు అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె అప్పుడు ఆలోచించలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి పావుగంట ముందు, నేరేడ్‌మెట్‌లోని తన ఫ్లాట్లో, తన సొంత అత్తగారికి ఇన్సులిన్ సూది గుచ్చేటప్పుడు అనే మాట అది.

లీలాకుమారికి నలభై నాలుగేళ్లు. 'ఆరు గుమ్మాల ఇల్లు' అనే సీరియల్లో ధరణికి ఆరేళ్లుగా గొంతిస్తోంది. మొహం ఎవరికీ తెలియదు. ఈ పనిలో ఎవరి మాటలు వాళ్లు విడిగా వచ్చి చెప్పి వెళ్లిపోతారు. గదిలో మైకు, తెర, చేతిలో తన మాటలు మాత్రమే ఉన్న కాగితాలు. ఎదుటి పాత్ర ఏం జవాబిస్తుందో, కథ ఎటు పోతోందో ఆమెకీ టీవీ చూస్తేనే తెలిసేది. పన్నెండింటికి పని ముగించుకుని బస్సెక్కి, సూది వేళకి ఇంట్లో ఉండేది. పొద్దుటి సూది, రాత్రి సూది భర్త హేమచంద్ర వేస్తాడు. అతనికి రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు. మధ్యాహ్నం సూది మాత్రం ఆమెది.

అత్తగారు కామేశ్వరమ్మకి డెబ్బై ఎనిమిది. తణుకు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మారలేదు. షుగరు వల్ల నాలుగేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. బుర్ర మాత్రం పాదరసమే. పాలవాడు ఏ రోజు రాలేదో, నీళ్ల ట్యాంకరు ఎన్నింటికొచ్చిందో ఆవిణ్ణే అడగాలి. సూది వేయించుకుని, కంచం ఒళ్లో పెట్టుకుని ఒంటిగంటకి టీవీ ముందు కూర్చునేది. చూపు లేనావిడకి సీరియల్ అంటే గొంతులే. ఆ గొంతుల్లో ఒకటి తన కోడలిది. ఆ గొప్పని అపార్ట్‌మెంట్ మొత్తానికి చెప్పుకుంది. ధరణి మరిది చదువు కోసం నగలమ్మినప్పుడు, నిప్పుల్లో నడిచినప్పుడు, మెట్ల దగ్గర ఎవరు కలిసినా ఆవిడ అనే మాట ఒకటే. "అది మా లీలే."

ధరణి మారడం చలికాలంలో మొదలైంది. ముందు ఒక ఉత్తరం దాచింది. తరవాత తోడికోడలి మందుల చీటీ చింపేసింది. ఎందుకలా చేస్తోందో కథలో ఎవరూ చెప్పలేదు. చూసేవాళ్లు భరించలేకపోయారు. యూట్యూబ్‌లో ఎపిసోడ్ కింద నాలుగొందలుండే కామెంట్లు నాలుగు వేలయ్యాయి. ధరణి అలాంటి మనిషి కాదని, రాసేవాణ్ణి మార్చారా అని, ఆరేళ్లు చూసినందుకు మాకిదా శిక్ష అని. అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న దేవమ్మ బట్టల మూట ఇస్తూ అంది. "గట్ల చేసే మనిషి కాదు కదమ్మా ఆమె. జెర చెప్పరాదు వాళ్లకు." చెప్పడానికి తనకెవరూ తెలియదంటే దేవమ్మ నమ్మలేదు. గొంతే నీదైనంక తెలవకపోవుడేందని నవ్వింది.

పాలగ్లాసు ఎపిసోడ్ బుధవారం వచ్చింది. కామేశ్వరమ్మ అన్నం సగంలో ఆపేసి చెయ్యి కడుక్కుంది. 

గురువారం మధ్యాహ్నం లీలాకుమారి ఎప్పటిలాగే చెయ్యి పట్టుకుని, దూదితో తుడిచి, ఆ మాట అంది. కామేశ్వరమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. సూది గీరుకుని రక్తం చుక్క వచ్చింది. లీలాకుమారి దూదితో అద్దింది. తరవాత పెద్దావిడ, ఇవాళొద్దులే, హేమ వచ్చాక చూద్దాం అంది.

శుక్రవారం కూడా అంతే. వారం తిరిగేలోపు ఆ మాట ఊళ్లో పడిపోయింది. ఛానల్ వాళ్లకి నచ్చి, ధరణి పాలిచ్చినప్పుడల్లా అదే అనేలా రాయడం మొదలుపెట్టారు. కుర్రాళ్లు దాన్ని కత్తిరించి కుక్కకి స్నానం చేయించే వీడియోలకి అతికించారు. పై అంతస్తులో ఆడవాళ్లు కలిసినచోట ఒకావిడ, టీ మాత్రం నువ్వు పెట్టకు లీలా, మేమింకా కొన్నాళ్లు బతకాలి అంది. అందరూ నవ్వారు. లీలాకుమారీ నవ్వింది. పక్క కుర్చీలో కామేశ్వరమ్మ నవ్వలేదు.

హేమచంద్ర రెండు రోజులు మధ్యాహ్నం షాపు వదిలి వచ్చి సూది వేశాడు. మూడో రోజు లారీ సరుకు దిగింది, రాలేకపోయాడు. అప్పుడు ఎదురు ఫ్లాట్లో ఉండే ప్రేమమణి ఒప్పుకుంది. ఆవిడ మిషన్ స్కూలు ఆఫీసులో చేసి రిటైరైంది, భర్తకి పదేళ్లు సూదులు వేసిన చెయ్యి. పన్నెండున్నరకి కళ్లజోడు సర్దుకుంటూ వచ్చేది. కామేశ్వరమ్మ మారుమాట లేకుండా చెయ్యి చాపేది. ఆ తరవాత ఇద్దరూ కలిసి సీరియల్ పెట్టుకుని ధరణిని తిట్టేవాళ్లు. ప్రేమమణి తిట్లు మర్యాదగా ఉండేవి. దేవుడు చూస్తూనే ఉంటాడండీ కామేశ్వరమ్మగారూ, అనేది. కామేశ్వరమ్మవి అంత మర్యాదగా ఉండేవి కావు. వంటింట్లో లీలాకుమారి ఆ తిట్లన్నీ వింటూ పెరుగన్నం కలిపేది. కంచం తెచ్చిచ్చేది కూడా ప్రేమమణే.

వారం గడిచాక లీలాకుమారి నోవహుని అడిగింది. ఆ ఒక్క మాటైనా తీసేయించమంది. నోవహు బోయిన్‌పల్లి మనిషి, ఆమెకంటే పదేళ్లు చిన్న. ఇంట్లో సంగతి విని చాలాసేపు హెడ్‌ఫోన్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"అక్కా, మనది చెప్పుడు వరకే. రాసేటోళ్లు యాడ కూసుంటరో నాకు సుత తెల్వదు. ఈ పాల కథ పన్నెండు ఎపిసోడ్లే అన్నరు ఫస్ట్. జనం గింత తిడుతున్నరని నలభై చేసిన్రు."

తిడితే ఆపాలి కదా అందామె. తిట్టాలంటే చూడాలి కదక్కా అన్నాడు.

నెలాఖర్లో ప్రేమమణి చెల్లెలికి కాకినాడలో మోకాలి ఆపరేషన్ అయింది. పదిహేను రోజుల్లో వస్తానని చెప్పి రైలెక్కింది. ఆ మొదటి మధ్యాహ్నం లీలాకుమారికి ఒక ఉపాయం తోచింది. గొంతే కదా భయం, అసలు మాట్లాడకుండా వేస్తే సరి అనుకుంది. గాజులు తీసి పక్కన పెట్టింది. చెప్పులు లేకుండా వెళ్లి, నెమ్మదిగా చెయ్యి అందుకుంది.  అడుగుల చప్పుడు లేదు, పలకరింపు లేదు, చల్లటి దూది ఒకటి చేతిని తాకింది. కామేశ్వరమ్మ ఎవరది, ఎవరది అంటూ కుర్చీలోంచి లేవబోయి బల్లకి మోకాలు కొట్టుకుంది. నేనే అత్తయ్యా అనాల్సి వచ్చింది. ఆ మాటతో పెద్దావిడ ఇంకా వెనక్కి జరిగింది.

మర్నాడు లీలాకుమారి గొంతు పోయిందని చెప్పి వారం సెలవు పెట్టింది. ధరణి నోట్లో తన గొంతు లేకపోతే ఆవిడ మరిచిపోతుందని ఆశ. అందాకా మధ్యాహ్నం సూదికి హేమచంద్రే షాపు వదిలి వస్తున్నాడు. ఎపిసోడ్లు రెండు రోజుల ముందే తయారవుతాయి కాబట్టి బుధవారం నుంచి కొత్త గొంతు వచ్చింది. యోగిత అనే ఇరవై నాలుగేళ్ల పిల్ల, బాగానే చెప్పింది. కామేశ్వరమ్మ రెండు నిమిషాలు విని రిమోట్ కోసం తడుముకుంది. ఇదెవరే, ధరణేదీ అంది. టీవీ కట్టేసింది. యూట్యూబ్‌లో మూడు వేల మంది అదే అడిగారు. పోయిన వారం ఆ గొంతు వింటే పాలు తాగబుద్ధి కావట్లేదని రాసినవాళ్లే, పాత గొంతు తెచ్చేదాకా చూడమని రాశారు. శుక్రవారం నోవహు ఫోన్ చేశాడు. గొంతు బాగైనా కాకున్నా సోమవారం రావాలన్నాడు. ఛానల్ నుంచి మాట వచ్చిందట.

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఇద్దరే ఇంట్లో ఉన్నారు. బల్ల మీద ఇన్సులిన్ పెన్ను ఉంది. టీవీ కట్టేసి ఉంది. ముందు కామేశ్వరమ్మే మాట్లాడింది.

"వెళ్లి డబ్బింగు చెప్పు లీలా. ఆ పిల్లకి రాదు. ఏడుపూ నవ్వూ ఒక్కలాగే ఉన్నాయి దానికి."

"వెళ్తానత్తయ్యా. మరి ఇది వేయించుకుంటారా?"

"అది వేరు."

లీలాకుమారికి ఆ రోజు కోపం వచ్చింది. అది సీరియలని, తాను రాసింది కాదని, ఆరేళ్లు ధరణి మంచిదిగా ఉన్నప్పుడు ఎవరూ తనకి దణ్ణం పెట్టలేదని అంది. కామేశ్వరమ్మ మొత్తం విని, చేతిలో కర్రని అటూ ఇటూ తిప్పింది.

"సీరియలని నాకు తెలీదూ? కళ్లు పోయాయి గానీ మతి పోలేదు. ఆ మాట వాళ్లది కాదుగా. మనింటిది. ఈ కుర్చీలో నాకు సూది వేసేటప్పుడు నువ్వనే మాట. పట్టుకెళ్లి వాళ్లకిచ్చావు."

"పెదాలకి కుదరలేదు. నోటికొచ్చింది అన్నాను."

"నోటికొచ్చేది ఇంట్లోదే వస్తుంది, పాపం. నిన్ననలేదు." పెద్దావిడ గొంతు తగ్గించింది. "నువ్వేదో చేస్తావని కాదే. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి నీ చేతి కూడే తింటున్నాను. చెయ్యి దానంతటదే వెనక్కి పోతోంది. పట్టుకుని కూచుంటున్నాను, ఆగట్లేదు. నేనేం చెయ్యను?"

ఇంకో మాటేదైనా అంటానని లీలాకుమారి అంది. అనమంది ఆవిడ. కళ్లు గట్టిగా మూసుకుంది, చూపు ఉన్నవాళ్లు మూసుకున్నట్టే. ఎడంచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని కుర్చీ చేతి మీద పెట్టింది. లీలాకుమారి బియ్యం గురించి మాట్లాడింది, నిన్న వచ్చిన కరెంటు మనిషి గురించి మాట్లాడింది. మాట్లాడుతూనే దూది తాకించింది. పెద్దావిడ చెయ్యి ఆ పట్టులోంచి వెనక్కి జారిపోయింది. రెండోసారి కూడా. మూడోసారి ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. కామేశ్వరమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

హేమచంద్రకి ఫోన్ చేస్తే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నానని, లారీ సరుకు దింపించి వచ్చేసరికి మూడున్నరవుతుందని అన్నాడు. క్లినిక్‌లో నర్సు కోసం అడిగితే ఇంటికొచ్చి వేసే మనిషి సోమవారం దాకా దొరకదన్నారు. మూడున్నర దాకా ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. ఒకటిన్నరకి కామేశ్వరమ్మ ఆకలేస్తోందంది. కంచం లీలాకుమారే తెచ్చి బల్ల మీద పెట్టి, ఏం మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. పెద్దావిడ రెండు ముద్దలు తిని ఆపింది.

ఆ సాయంత్రం చూస్తే షుగరు మూడు వందల తొంభై నాలుగు. ప్రేమమణి కాకినాడ నుంచి రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.