ఎనభై సెంటీమీటర్ల లోతు

ఈ ఏడాది మొదటిసారి నేల గడ్డకట్టిన పొద్దున, వంటింటి పెరటి తలుపు పిడి పట్టుకోగానే చల్లదనం ఎముకదాకా పాకింది. తడిసి ఆరిన చెక్క వాసన సందులోంచి వస్తోంది. స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగుతాయేమోనన్న ధ్యాస కూడా లేకుండా వచ్చి నిలబడ్డాను. చలికాలం మొదలైందంటే నాకు ఒకచోట కాలు నిలవదు. తలుపు తోశాను, తెరుచుకుంది. తెరుచుకోకపోవడానికి ఇప్పుడు ఏ కారణమూ లేదని నాకు తెలుసు. అయినా రేపు మళ్ళీ తోస్తాను. ఈ అలవాటుకు మూలం మా పక్కింటి జర్మన్ ఆవిడ, ఫ్రావ్ క్రామర్. ఆవిడ నాకిది నేర్పాలని నేర్పలేదు, నేను చేసిన పని వల్ల అంటుకుంది.

జర్మనీలో డార్మ్‌స్టాట్‌కు రైల్లో ఇరవై నిమిషాల దూరంలో ఈ పాత ఇల్లు కొన్నప్పుడు మా ఆయన వేణు రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కే మనిషి. కొన్న మూడో నెలలో సైకిల్ మీంచి జారిపడ్డాడు. వెన్నుకు ఆపరేషన్ అయింది, ఎడమకాలు పట్టు తప్పింది, చేతికి వాకర్ వచ్చింది. వీధివైపు ఏడు మెట్లు. పెరటివైపు మూడే, కానీ ఇరుకు. ఇద్దరు పట్టుకుంటే తప్ప బయటికి కదలలేడు. అలా పట్టుకోవడం అతనికి ఇష్టం ఉండేది కాదు. వేసవంతా కిటికీ దగ్గర కూర్చుని పెరట్లోని ఆపిల్ చెట్టును చూసేవాడు. మాటలు తగ్గిపోయాయి. వంటింటి గడపతో సమానంగా ఒక చెక్క అరుగు వేయించి, దాని చివర పెరట్లోకి వాలు దింపితే ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను బయటికి వెళ్తాడు. నన్ను పట్టుకున్న ఆలోచన అదొక్కటే. దాని ముందు నాకు నిద్ర, తిండి, ఆఫీసు ఏవీ కంటికి ఆనలేదు.

రెండు రోజుల్లో ఎక్సెల్‌లో బడ్జెట్ తయారుచేశాను. సాఫ్ట్‌వేర్‌లో పన్నెండేళ్ళు చేసినదాన్ని, అంచనా వేయడం నాకు మంచినీళ్ళ ప్రాయం అనుకున్నాను. మొత్తం ఎనిమిది వేల యూరోలు. మా కాకినాడ ఇంట్లో టేకు తలుపులుండేవి, అలాంటి ముదురు రంగు గట్టి చెక్క పలకలకే సగం పైన పెట్టాను. తర్వాత కటకటాలు, దీపాలు, రెండు కుర్చీలు. కంచె అవతల గులాబీలు కత్తిరిస్తున్న ఫ్రావ్ క్రామర్‌కు గొప్పగా లాప్‌టాప్ చూపించాను. డెబ్బై దాటిన ఆవిడ ముప్పై ఏళ్ళకు పైగా ఒక వడ్రంగి కంపెనీలో అంచనాలు వేసిన మనిషి. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసి అడిగారు.

"నేల ఎక్కడుంది?"

నాకు అర్థం కాలేదు. "ఈ అరుగు గాలిలో నిలబడుతుందా?" అని అడిగారు, నవ్వలేదు కూడా.

ఆ సాయంత్రం ఆవిడ పాత కాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో కొత్త బడ్జెట్ రాసిచ్చారు. అది అట్టడుగునుంచి మొదలైంది. తవ్వకం, కంకర, కాంక్రీటు దిమ్మెలు, ఆపైన దూలాలు, ఆపైన పలకలు. ఇక్కడ శీతాకాలంలో నేల లోపలిదాకా గడ్డకడుతుందట. గడ్డకట్టిన మట్టి ఉబ్బి, పైనున్నదాన్ని ఎత్తి పారేస్తుందట. అందుకని దిమ్మెలు ఎనభై సెంటీమీటర్ల లోతునుంచి లేవాలి. కాకినాడలో పుట్టిన నాకు నేల ఉబ్బడమేమిటో ఊహకు కూడా అందలేదు. మా వైపు నేల ఎండకు బీటలు వేస్తుంది, వానకు మెత్తబడుతుంది, అంతే. ఆవిడ లెక్కలో కంటికి కనిపించనివాటికే మూడోవంతు పోయింది. చివర శీతాకాలం కోసం అని ఇంకో వెయ్యి పక్కన పెట్టారు. నా టేకులాంటి చెక్క పోయి చౌకరకం లార్చ్ చెక్క వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. మట్టిలో పాతిపెట్టడానికా ఇంత డబ్బు అనిపించింది.

వేరే తొందర కూడా ఉంది. అక్టోబరు సగమైంది. కార్తీక పౌర్ణమికి వేణు చేత ఆ అరుగు మీద దీపాలు పెట్టిస్తానని మొక్కుకున్నాను. ఆఫీసు తెలుగు స్నేహితులు నాలుగు కుటుంబాలను ఆ సాయంత్రానికి పిలిచేశాను కూడా. వసంతం దాకా ఆగి మెల్లగా తవ్వించుకోమని ఫ్రావ్ క్రామర్ అన్నారు. చిన్న మిషన్‌తో తవ్వేవాళ్ళకు అప్పటిదాకా ఖాళీ తేదీ లేదు. ఇంకో ఆరు నెలలు ఆ కిటికీ దగ్గర కూర్చుంటే మనిషి మిగలడని నా భయం. ఆ భయం ఆవిడకు చెప్పలేదు. ఆగలేనని మాత్రం చెప్పాను.

ఆవిడ ఉత్తరాన ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిన శనివారం, ఆ స్నేహితులే పారలు తెచ్చారు. పులిహోర, బిర్యానీ వండాను. మోకాలి లోతు దాకా తవ్వేసరికి జిగట బంకమన్ను తగిలింది. పార దిగడం మానేసింది. అందరి చేతులూ బొబ్బలెక్కాయి. యాభై దగ్గర నేనే చాలన్నాను. ఒకాయన సందేహంగా చూస్తే, ఇక్కడివాళ్ళు అన్నిటికీ రెట్టింపు చెబుతారని కొట్టిపారేశాను. కాంక్రీటు పోశాం. మిగిలిన డబ్బూ, శీతాకాలం కోసం పెట్టిన ఆ వెయ్యీ కలిపి నా గట్టి చెక్క పలకలు తెప్పించాను.

సోమవారం ఆవిడ తిరిగొచ్చి కంచె దగ్గర నిలబడ్డారు.

"ఎంత లోతు తవ్వారు?"

"ఎనభై."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ తలూపారు. గరాజు పక్కన పడేసిన ఖాళీ కాంక్రీటు బస్తాల దగ్గర కాసేపు ఆగారు. వాటిని ఏ రంగు చెత్తడబ్బాలో వేయాలో చెబుతారని కాచుకున్నాను. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

కార్తీక పౌర్ణమి సాయంత్రం వేణు వాకర్‌తో గడప దాటి, తనంతట తాను అరుగు చివరిదాకా నడిచాడు. ముప్పై మూడు దీపాలు పెట్టాడు. గాలికి సగం ఆరిపోతే తిట్టుకుంటూ మళ్ళీ వెలిగించాడు. ఆరు నెలల తర్వాత అతను ఎవరినైనా తిట్టడం అదే మొదలు, నాకు ఏడుపొచ్చింది. ఫ్రావ్ క్రామర్ ఒక కుర్చీలో కూర్చుని ఉప్పు తక్కువైన పులిహోరను మెచ్చుకున్నారు. ఆ రోజునుంచి వేణు రోజూ కోటు వేసుకుని బయటికి వెళ్ళేవాడు. డిసెంబరంతా వెళ్ళాడు.

జనవరి చివర పది రోజులు ఎముకలు కొరికే చలి. ఒకరోజు ఆఫీసునుంచి వచ్చేసరికి వేణు వంటింట్లో నేలమీద, తలుపుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడ్డాడేమోనని పరుగెత్తాను. పడలేదట, అలిసిపోయి కూర్చున్నాడట.

"తలుపు తెరుచుకుంటలేదు సుధా. జానెడు తెరుచుకుని ఆగిపోతున్నది. నాతోని అయితలేదు. చేతుల బలం గూడ పోయినట్టుంది."

నేను తోశాను. జానెడు దగ్గర ఆగింది. మా ఇంటి పాత యజమాని వంటగది ఇరుకని ఈ తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించాడు. కిందికి వంగి చూస్తే అసలు సంగతి తెలిసింది. అరుగు మూల రెండు వేళ్ళెత్తు లేచింది, తలుపు దానికి తగులుతోంది. నేల ఉబ్బింది. ఆవిడ చెప్పినట్టే.

అది అప్పుడే వేణుకు చెప్పాల్సింది. చెబితే ఎందుకు లేచిందో చెప్పాలి, ఎనభై కాదు యాభై అని చెప్పాలి. చలికి చెక్క బిగుసుకుందిలే అని గొణిగాను. అతను నమ్మలేదు, తన చేతులనే అనుమానించాడు. వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే ఒంట్లో బాగాలేదని పంపేశాడు. మళ్ళీ కిటికీ, మళ్ళీ ఆపిల్ చెట్టు. నేను ఇల్లంతా తిరుగుతూ అక్కర్లేని అలమరాలు సర్దాను. అలా వారం గడిపాను. వారం!

ఎనిమిదో రోజు కంచె దగ్గరికి వెళ్ళి ఫ్రావ్ క్రామర్‌కు చెప్పేశాను. ఆవిడ రసమట్టం పట్టుకుని వచ్చి, మూల దగ్గర పెట్టి, బుడగ ఎటు జారిందో చూశారు. తర్వాత నన్ను తన వంటింట్లోకి తీసుకెళ్ళి, అప్పటికే రాసిపెట్టిన కాలెండర్ కాగితం ఇంకోటి తీశారు. మళ్ళీ తవ్వడం, మార్చి నెల, చిన్న మిషన్ అద్దె, దిమ్మెలు. నా పలకలను జాగ్రత్తగా విప్పి మళ్ళీ బిగించే కూలి కూడా అందులో ఉంది. తేదీ నవంబరుది.

"ఎనభై లోతుకు ముప్పై బస్తాలు కావాలి. ఆ రోజు మీ గరాజు పక్కన ఖాళీవి పద్దెనిమిదే ఉన్నాయి," అన్నారు.

అప్పుడే ఎందుకు అడగలేదని నాకు కోపం కూడా వచ్చింది, తప్పు నాదే అయినా. ఆవిడ కాసేపు కప్పులో చెంచా తిప్పారు. కంపెనీలో ఒకసారి ఒక కుర్రవాడి అబద్ధాన్ని అందరి ముందూ పట్టుకున్నారట. ఆ తర్వాత అతను తప్పులు చేయడం మానలేదు, ఆవిడకు చెప్పడం మానేశాడట. అందుకే ఎదురుచూశానన్నారు. వేణు సంగతి తెలిసుంటే ఒక్కరోజు కూడా ఆగేదాన్ని కాదని, అది తన తప్పని కూడా అన్నారు. కాగితం నా చేతిలో పెట్టి, "ముందు మీ ఆయనకు చెప్పండి. మిషన్‌కు నేను ఫోన్ చేస్తాను," అన్నారు.

చెప్పాను. వేణు వాకర్ అందుకుని తలుపు దగ్గరికి వచ్చి, లేచిన మూలను చూపించమన్నాడు. వేళ్ళతో తడిమి చూశాడు.

"వారం రోజులు నా చేతులను నేనే తిట్టుకున్న. నువ్వు చూసుకుంట ఊకున్నవ్."

మర్నాడు వ్యాయామం అమ్మాయికి తానే ఫోన్ చేసి రమ్మన్నాడు. నాతో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆ ఏడు ఇండియా టికెట్లు రద్దు చేసుకుని మార్చిలో మళ్ళీ తవ్వించాం. ఫ్రావ్ క్రామర్ ప్రతి గుంతలోనూ కొలకర్ర దించి చూశారు, నా చేత కూడా చూపించారు. రెండేళ్ళు వేణుతో కలిసి ఆ అరుగు మీద కాఫీ తాగారు. పోయిన శీతాకాలం ఆవిడ పోయారు. ఆ రెండు కాగితాలూ నా దగ్గరున్నాయి. ఆఫీసులో ఏ ప్రాజెక్టుకు అంచనా వేసినా ఇప్పుడు అడుగునుంచి రాస్తాను. నా టీమ్‌లో ఎవరైనా పనైపోయిందని మరీ తేలిగ్గా చెబితే, వెంటనే పట్టుకోను. కానీ ఆవిడంత కాలం ఆగను, సాయంత్రంలోపు వెళ్ళి పక్కన కూర్చుంటాను.

ఈ పొద్దున నా వెనక వాకర్ చప్పుడైంది. వేణు నన్ను పక్కకు జరగమని గడప దాటి, మంచు మెరుస్తున్న పలకల మీద నిలబడ్డాడు. మొదటి చలి రోజున ప్రతి ఏడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఎంత తవ్వినం సుధా?"

"ఎనభై," అన్నాను.

అతను నవ్వాడు. నిజమే చెప్పాను, కొలకర్రతో కొలిచిన నిజం. అయినా నాకు నవ్వు రాలేదు. వెనక పాలు పొంగి స్టవ్ మీద చుర్రుమంటున్నా పోలేదు. ఆ మూలదాకా నడిచి, కాలితో గట్టిగా నొక్కి చూశాను. కదల్లేదు. ఇంకోసారి నొక్కాను.