బేరం వద్దన్న సామాను

మీలో చానామంది ఇండ్లకు కంప్యూటర్ చేసిచ్చిన నా పెద్దకొడుకు ఇంక లేడు. పోయిన నెల హొసకోటె నుంచి బండి మీద వస్తా ఉంటే వెనక నుంచి టెంపో గుద్దింది. నేను ఆస్పత్రికి చేరేలోపలే అయిపోయినాడు. సంగతి తెలియనోళ్ళు ఇంకా ఫోన్ చేస్తానే ఉండారు, "మిషన్ ఆన్ కాలేదమ్మా, ఒకసారి పంపించు" అని. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది. అందుకే మన వీధి సంఘం పుస్తకంలో రాస్తా ఉండాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకోండి.

వాడు కంపెనీ కంప్యూటర్లు అమ్మేవాడు కాదు. బెంగళూరు ఎస్పీ రోడ్డు అంగళ్ళలో విడివిడి సామాన్లు కొనుక్కొచ్చి, మా వరండాలో చాప పరుచుకొని జోడించేవాడు. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే, "ఏం పనికి?" అని. ఒక స్కూలు సార్ వచ్చి, "ప్రశ్నపత్రాలు టైపు చేసేకప్పా, కొత్తగా వచ్చినది, అన్నిటికన్నా స్పీడుది పెట్టు" అన్నాడు.

"సార్, ఇంట్లో నలుగురు తాగేకి ట్యాంకర్ తెప్పిస్తారా? బిందె చాలు. పోయినేడాది ప్రాసెసర్ పెడతా. మిగిలిన దుడ్డుకు మెమొరీ ఎక్కువ వేసుకుందాం."

సార్ మొగం చిన్నబోయింది. పక్కింటోళ్ళ దానికన్నా పెద్దది కావాలని వచ్చినాడు మరి. వీడు మాత్రం వదల్లేదు. ఆటలు ఆడనోళ్ళకు గ్రాఫిక్స్ కార్డు అంటగట్టలేదు, బొమ్మ బాగా కనపడతా ఉంటే పాత మానిటరే పెట్టినాడు. "ఇట్ల చేస్తే నీకేం మిగులుతాదిరా?" అంటే, "మళ్ళీ పిలుస్తారుమ్మా" అనేవాడు.

బేరానికి నన్ను వెంట పిల్చుకపోయేవాడు. కూరగాయల బండి కాడ నా నోరు చూసినాడు కదా. అంగడాయన నన్ను చూస్తానే, "ఏనప్పా, మళ్ళీ అమ్మను తెచ్చినావా? ఇంక నా షట్టర్ దించినట్లే" అని నవ్వేవాడు. కీబోర్డు, మౌసు, బయటికి కనపడే డబ్బా, వీటన్నిట్లో నన్ను ఎంతన్నా కొట్లాడనిచ్చేవాడు. డబ్బాతో ఊరికే వచ్చే పవర్ సప్లైని, అదే లోపల అన్నిటికీ కరెంటు పంచేదాన్ని మాత్రం అక్కడే విప్పి వాపసు ఇచ్చేసి, వేరేది, బరువైనది అడిగేవాడు. నేను దానికీ నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకొనేవాడు.

"దీంట్లో వద్దుమ్మా. ఇది పోతే ఇదొక్కటే పోదు, అన్నిట్నీ తీసుకొని పోతాది."

"లోపలుండేది ఎవరు చూస్తార్రా?"

"ఎవరూ చూడరనే మనం చూడల్ల."

అంత తెలిసినోడికి తల్లినై, నేను చేసిన పని చెప్తా వినండి. హెల్మెట్టు లేకుంటే పోలీసులు బండి ఆపే రోజులొచ్చినాయి. కేఆర్ పురం రోడ్డు పక్కన తాళ్ళకు వేలాడదీసి అమ్ముతా ఉంటే, నేనే పోయి ఒకటి తెచ్చినాను. ఎర్రది, అద్దం మాదిరి మెరిసేది. అమ్మేవాడు చెప్పిన రేటును సగానికి తెగ్గొట్టినానని వీధంతా చెప్పుకున్నాను. నా కొడుకు దాన్ని తిప్పి చూసినాడు, లోపలి మెత్త వేలితో నొక్కినాడు.

"పోలీసోనికి చూపించేకి సరిపోతాదిమ్మా" అని నవ్వినాడు.

నాకు రోషం వచ్చింది. "ఊరోళ్ళందరికీ నా బేరం కావల్ల, నీకు మాత్రం నేను తెచ్చింది కంటికి ఆనదు" అన్నాను. మరుసటి దినం దాన్నే పెట్టుకొని పోయినాడు. చేతిలో ఉండే రెండు మిషన్లు అయినాక వేరేది కొంటానని తమ్ముడికి చెప్పినాడంట, నాకు కాదు.

ముక్కూ మొగం తెలియనోళ్ళ డబ్బా కోసం నా చెయ్యి పట్టి ఆపినోడివి, నీ తల కోసం ఎందుకు ఆపలేదప్పా? నేను రెండు దినాలు అలిగేదాన్ని, అంతే కదా. మంచి కొడుకు మంచి కొడుకు అని ఇంటికొచ్చినోళ్ళంతా అంటా ఉంటే నాకు ఒళ్ళు మండుతాది. మంచితనం ఎవరికి కావల్ల? పోలీసు స్టేషన్లో నాకు అప్పగించిన వాడి సామాన్లలో ఆ ఎర్ర హెల్మెట్టు గుమ్మడికాయ మాదిరి రెండు చెక్కలై ఉండాది. బంధువులు రాత అన్నారు. రాత కాదు, నా బేరం.

"మీవాడు చేసిచ్చినది ఇంతవరకు చెడలేదమ్మా" అని చెప్పినోళ్ళకు దండం పెడతాను. ఆ మాట ఒక్కటే గొంతులో ముద్ద దిగేలా చేస్తా ఉండాది.

మొన్న సంతకు పోతా ఆ కేఆర్ పురం రోడ్డు పక్కనే నిలబడిపోయినాను. ఎవరో ఒకామె, నా ఈడుదే, కొడుకు కోసమని హెల్మెట్టు బేరమాడతా ఉండాది. నేను చేసినట్లే వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేసి, మళ్ళీ తిరిగింది. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "దీంట్లో వద్దక్కా. అంగడిలో మంచిది కొను, లోపల చూసి కొను" అన్నాను.

ఆమె చెయ్యి విదిలించుకొని, "ఏమమ్మా, ఆ అంగడోడు నీకెంతిస్తాడు?" అనింది.

అమ్మేవాడు రేటు దించినాడు, ఆమె కొనింది. సంచి నిండిపోయినట్లుండాది, హెల్మెట్టును వెల్లకిల తిప్పి అందులో కొత్తిమీర, కరివేపాకు పెట్టుకొని, గంప మాదిరి నడుముకు ఆనించుకొని, సంతోషంగా రోడ్డు దాటి పోయింది.