చుక్కలక్కకు కనిపించని గులాబీ రంగు

మా తోడికోడలికి రెండు విషయాల్లో ఎన్నడూ సందేహం రాదు. ఒకటి నీళ్ళు, రెండోది తను. ఇళ్ళలో స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్ళ నీళ్ళు పరీక్షించి, మందులు కలిపి, సరిచేయడం ఆమె పని. అందరూ చుక్కలక్క అంటారు. గాజు గొట్టంలో మందు చుక్కలు వేస్తుంది కాబట్టి ఆ పేరొచ్చిందని తనంటుంది. పట్టపగలే చుక్కలు చూపిస్తుంది కాబట్టి వచ్చిందని నేనంటాను. ఆమె వెనకాల బకెట్టూ వలా మోసేది నేనే. ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

పనితనం మాత్రం చూసి తీరాలి. పైపైన నీళ్ళు ముంచదు. మోచేయి మునిగేదాకా చెయ్యి దించి లోపలి నీళ్ళు పడుతుంది. ఒక మందు వేసి ఆమ్లం ఎంతుందో తేలుస్తుంది, ఇంకో మందు వేసి క్లోరిన్ ఎంతుందో తేలుస్తుంది. రెండూ తూకం కుదిరితేనే నీళ్ళు ఒంటికి పడతాయి. క్లోరిన్ ఉంటే గొట్టంలో నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. రంగు ముదిరే కొద్దీ క్లోరిన్ ఎక్కువన్నమాట. అయితే చుక్కలు వేసి గొట్టం ఊపేటప్పుడు అక్క దానివైపు చూడదు. ఇంటివాళ్ళ మొహాలు చూస్తూ నీళ్ళ జాతకం చెప్పేస్తుంది. మాట పూర్తయ్యాక గొట్టాన్ని తెల్లగోడకు ఎదురుగా పట్టి చూస్తుంది. చెప్పిందే నిజమవుతుంది. అప్పుడు నావైపు చూసి కళ్ళెగరేస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

లారీ బాబాయి ఇంట్లో ఆ జోస్యం తిరగబడింది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, వరసలు కలుపుకున్నాం. బతుకంతా లారీ తోలి, క్లచ్చి తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. నేలమీద రెండు చేతికర్రలు లేనిదే అడుగు పడదు. పెరట్లో పూల్‌లోకి గుండెలదాకా దిగాడంటే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు దర్జాగా నడుస్తాడు. నడక అంటూ ఆయనకు మిగిలింది అక్కడే.

ఆ నీళ్ళే ఆయన కళ్ళు మండించడం మొదలెట్టాయి. ఒళ్ళంతా దురద. ఆయన భార్య, మా పిన్ని, ఓపిక పట్టినంతకాలం పట్టి చివరికి తెగేసి చెప్పింది.

"సోమవారం మట్టి లారీ వస్తుంది. ఈ గుంట పూడ్పించేస్తున్నా. కాళ్ళు ఎలాగూ పోయాయి, కళ్ళు కూడా పోగొట్టుకుంటారా?"

బాబాయి అక్కవైపు చూశాడు. అంత పెద్దమనిషి అలా బతిమాలుతున్నట్టు చూస్తుంటే నేను తల తిప్పుకున్నాను.

"సోమవారానికి నీళ్ళు బాగుపడతాయి పిన్నీ. పూచీ నాది," అంది అక్క. గొట్టం ఊపుతూనే, "క్లోరిన్ చాలట్లేదు, అంతే," అని తేల్చేసింది. తర్వాత ఎత్తి చూస్తే గొట్టంలో రంగే లేదు. ఇంకేం, డబ్బాలోంచి క్లోరిన్ పొడి కలిపి, ఆకులు పడకుండా పట్టా కప్పి వచ్చేశాం.

మర్నాడు బాబాయి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పరీక్షిస్తే మళ్ళీ రంగు లేదు. అక్క ఇంకాస్త కలిపింది. ఆ మర్నాడూ అదే వరస. అక్క మాటలు తగ్గిపోయాయి. ఆమె ఒక్కసారి తడబడితే చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉండేది నాకు. తీరా చూశాక ఏమీ బాగాలేదు.

శనివారం పొద్దున అక్క చెయ్యి గోక్కుంటూ గొట్టం నాకిచ్చి, "నువ్వెయ్యి," అంది. లెక్క తప్పుతానేమోనన్న భయంతో నేను గొట్టం మీంచి కళ్ళు తిప్పలేదు. చుక్క పడగానే చిక్కటి గులాబీ రంగు భగ్గుమంది. రెప్పపాటులో మాయమైంది.

"అక్కా, రంగొచ్చి పోయింది!"

"నీ మొహం."

"నా మొహానికేం, బాగానే ఉంది. ఊపేటప్పుడు నువ్వు ఊళ్ళోవాళ్ళందరి మొహాలూ చూస్తావు, గొట్టం మాత్రం చూడవు. మళ్ళీ వెయ్యి. ఈసారి నోరు మూసుకుని చూడు."

అక్కతో అంత మాటనడం అదే మొదలు. పడుతుందనుకోలేదు, పడింది. నోరు మూసుకునే చుక్కలు వేసింది. రంగు వచ్చింది, పోయింది. అక్క మెట్టుమీద కూలబడింది. కాసేపటికి లేచి, ఒక మూతెడు పూల్ నీళ్ళలో తొమ్మిది మూతల మంచినీళ్ళు కలిపి పరీక్షించింది. అంత పలచన చేసినా నీళ్ళు దానిమ్మగింజల రంగుకి తిరిగాయి.

"క్లోరిన్ లేకపోవడం కాదే. మరీ ఎక్కువైపోయి పరీక్షమందు రంగునే తినేస్తోంది. దానికి తోడు నేను ఇంకా పోశాను." తల పట్టుకుంది. "అయినా నేను పోసిన దానికి ఇంత కాకూడదే..."

బాబాయి గోడవైపు తిరిగి దగ్గాడు.

"నీళ్ళు కాస్త మసగ్గా కనిపిస్తే మీ పిన్ని పూడ్పిస్తానంటుందని... తెల్లారగానే ఒక చెంబుడు పొడి వేస్తున్నా అమ్మాయ్."

"రోజూనా?"

"మర్చిపోతే మర్నాడు రెండు."

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. అక్క కావాలంటే అంతా ఆయన మీదకి నెట్టి బయటపడొచ్చు.

"బాబాయి వేశారు, నిజమే. కానీ పరీక్ష చేసేది నేను. చూడకుండా చెప్పిందీ నేనే. తప్పు నాది పిన్నీ, నీళ్ళది కాదు," అంది అక్క. ఆమె తోడికోడల్నని నాకు గర్వంగా అనిపించింది.

సగం నీళ్ళు తోడించి కొత్తవి నింపాం. పట్టా తీసి పారేశాం. ఇక మందేమీ లేదు, ఎండే ఆ క్లోరిన్‌ని విరిచేయాలి. ఏమీ చేయకుండా కూర్చోవడం అక్కకి చచ్చేంత కష్టం. గొడుగు వేసుకుని, బాబాయి చేతికందకుండా పొడి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండు రోజులూ పూల్ గట్టునే కాపలా కాసింది.

సోమవారం మట్టి లారీ గేటు ముందు ఆగేసరికి అక్క చుక్కలు వేస్తోంది. ఒక్క మాట మాట్లాడలేదు, చూపు తిప్పలేదు. లేత గులాబీ రంగు వచ్చి నిలబడింది. గొట్టాన్ని పిన్ని చేతికిచ్చింది.

"నేను చెప్పను. మీరే చూడండి."

పిన్ని చాలాసేపు చూసి, బాబాయికి తల ఊపింది. ఆయన చేతికర్రలు గోడకానించి, కమ్మీ పట్టుకుని దిగాడు. తల ముంచి లేచి కళ్ళు తెరిచాడు. "మండట్లేదే!" అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరాడు.

బయట లారీ హారన్ మోగింది. ఆయన అవతలి గోడ తాకి తిరిగి వచ్చేదాకా పిన్ని కదల్లేదు. అప్పుడు గొట్టం చేత్తో పట్టుకునే గేటుదాకా వెళ్ళింది.

"మట్టి వెనక్కి తీసుకెళ్ళిపో బాబూ. మా ఆయన నడుస్తున్నారు."